మనుష్యుడు లేని విద్యుద్విమానము

గడచిన సార్వా కాలమున మన పాఠశాలకు ప్రక్కనున్న వరిచేనిలో మందు చల్లుటకై ఒక డ్రోను వచ్చినది. ఆరు చిన్న పంకాలు గల ఆ యంత్రము తుమ్మెదల గుంపువలె రొద చేయుచు చేనిపై తిరుగుచుండగా, మధ్యాహ్న విరామమున మన విద్యార్థులందరును ప్రహరీగోడ నానుకొని నిలువబడి చూచిరి. గట్టుమీద కూర్చున్న ఒక ముసలి రైతు నన్ను చూచి, "ఇదేటి మాస్టారూ! దీంట్లో మడిసి లేడు గదా, పడిపోతే తప్పెవుడిది?" అని అడిగెను. నేను నవ్వి ఊరకుంటిని. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

మరునాడు తొమ్మిదవ తరగతిలో, "ఆ యంత్రమును పైన నిలబెట్టినదేది?" అని నేనే ఒక ప్రశ్న వేసితిని. బ్యాటరీ అని ఒకడు, రిమోటు అని మరియొకడు, ఉపగ్రహము అని ఒక బాలిక చెప్పిరి. గాలి అన్నవారు ఒక్కరును లేకపోయిరి. వారి తప్పేమియు లేదు. కొని తెచ్చిన యంత్రమును మీటలు త్రిప్పి నడపుట చూచిన వారికి, ఆ మీటలే యంత్రమును మోయుచున్నట్లు తోచుట సహజము. ఆ దినముననే మేమొక విమానమును మా చేతులతో కట్టవలెనని నిశ్చయించుకొంటిమి. అది మందు చల్లునది కాదు, చిత్రములు తీయునది కాదు. గాలి తన రెక్కను ఎంత బలముతో మోయుచున్నదో, ఎంత బలముతో వెనుకకు లాగుచున్నదో కొలిచి చెప్పుటయే దాని పని. ఇట్టి విమానములను లోకమున పెద్దలు ఎట్లు కట్టిరో, మేమెట్లు కట్టితిమో ఈ వ్యాసమున తెల్పెదను.

గాలికి బరువు కలదని మనము పాఠములో చదివి మరచిపోదుము. మన తీరమున ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగును. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల తరగతి గదిలోని గాలి 230 కిలోలు; అనగా యాబది కిలోల బియ్యపు బస్తాలు నాలుగున్నర. విమానపు రెక్క కొంచెము వాలుగా ముందునకు సాగుచు ఈ బరువైన గాలిని క్రిందికి మళ్లించును. క్రిందికి మళ్లింపబడిన గాలి రెక్కను మీదికి త్రోయును. డ్రోను పంకా యైనను ఒక రెక్కయే. గుండ్రముగా తిరుగుచున్న రెక్క. రెక్క పైని పోవు గాలికి దూర మెక్కువ గనుక అది త్వరపడి, క్రింది గాలిని వెనుక అంచువద్ద సరిగా అదే క్షణమున కలిసికొనునని కొన్ని పుస్తకములలో వ్రాసియున్నది. అది సరికాదు. పొగతో పరీక్షించి చూచిన, పైగాలి క్రిందిగాలి కంటె ముందుగనే వెనుక అంచును చేరును.

మరియొక నియమము ముఖ్యమైనది. గాలిబలము వేగముతో సమానముగా పెరుగదు, వేగపు వర్గముతో పెరుగును. సెకనుకు పది మీటర్ల గాలికి తాటాకులు గలగల లాడును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటునప్పుడు గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు సుమారు 40 మీటర్ల వేగమున వీచెను. వేగము నాలుగు రెట్లు, బలము పదునారు రెట్లు. ఉద్దానమున కొబ్బరిచెట్లు వేరులతో లేచి కూలుట చూచిన పిల్లలకు ఈ లెక్కను నేను వేరుగా నేర్పనక్కర లేకపోయినది. వేగము రెట్టింపైన రెక్క నాలుగు రెట్ల బరువు మోయుననుటయు ఈ నియమమే.

నియమము తెలిసినంత మాత్రమున విమానము ఎగురదు. ఏ ఆకారపు రెక్క, ఎంత వాలున, ఎంత బలము నిచ్చునో సంఖ్యలు కావలెను. ఆ సంఖ్యలు తప్పైన నేమగునో రైటు సోదరులకు బాగుగా తెలియును. అమెరికాలో సైకిళ్ల దుకాణము నడపుకొనుచున్న విల్బరు రైటు 1899లో మొదట కట్టినది ఐదడుగుల వెడల్పు గల రెండంతస్తుల గాలిపటము. రెక్కలను మెలివెట్టిన విమానము ప్రక్కకు ఒరుగునా లేదా యను ఒక్క ప్రశ్నకే దానిని కట్టిరి. 1900లో కట్టిన పెద్ద గ్లైడరును గూడ కిట్టీహాకు ఇసుకతిన్నెలపై చాలవరకు మనుష్యుడు లేకయే త్రాళ్లతో గాలిపటమువలె ఎగురవేసి, ఆ త్రాళ్ల లాగుడును కొలిచిరి. 1901లో కట్టినది లెక్క ప్రకారము మోయవలసిన బరువులో మూడవవంతు మాత్రమే మోసెను. వారు నిరాశపడిరి. కాని పిదప తమ చేతిపనిని గాక తాము నమ్మిన లెక్కను అనుమానించిరి. నూరేండ్లకు పైగా ఇంజనీర్లందరు వాడుచుండిన స్మీటను సంఖ్య 0.005, వీరు కొలువగా అది 0.0033 అని తేలినది. అంతట ఆ శరదృతువున ఆరడుగుల చెక్కపెట్టె నొకదానిని చేసి, అందులో పంకాతో గాలి తోలి, రంపపు ఆకులతోను సైకిలు పుల్లలతోను త్రాసులు చేసికొని, సుమారు రెండువందల చిన్నరెక్కలను పరీక్షించిరి. 1903 డిసెంబరు 17న పండ్రెండు సెకనులు మనుష్యుడు ఎగిరెనని మనము పండుగ చేసికొందుము. నా మనస్సున కంతకంటె పెద్ద దినము, ఆ 0.005ను కొట్టివేసిన దినము.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. పెట్టెలో చిన్న రెక్కను పరీక్షించుట చాలదా? విమానమే కట్టి ఎగురవేయ నేల? చిన్న రెక్క పెద్ద రెక్కవలె నడచుకొనదు. ఈ సంగతికి మూలమైన నియమమును 1883లో మాంచెస్టరునందు ఆస్బరన్ రెనాల్డ్సు అను ఆచార్యుడు గాజుగొట్టములలో రంగునీటిని పారించి కనుగొనెను. వస్తువు పరిమాణమును, దాని వేగమును, గాలి సాంద్రతను గుణించి, గాలి యొక్క జిగురుతనముచే భాగించిన వచ్చు సంఖ్యకు రెనాల్డ్సు సంఖ్య యని పేరు. ఆ సంఖ్య పెద్దదైన గాలి పలుచగాను, చిన్నదైన చిక్కగాను రెక్కకు తోచునని తలపవచ్చును. ప్రయాణికుల విమానపు రెక్కకు ఆ సంఖ్య కోట్లలో నుండును. గ్రద్దకు లక్ష ప్రాంతము. దోమకు నూరు ప్రాంతము. అనగా దోమ మనము పలుచని నూనెలో ఈదినట్లు గాలిలో ఈదుచున్నది. ఈ మధ్యనున్న లక్ష ప్రాంతము మిక్కిలి చిక్కైనది. అచ్చట గాలి రెక్క నంటుకొని పోవుచు పోవుచు నడుమ విడిపోవును, ఒకప్పుడు మరల అంటుకొనును, ఒకప్పుడు అంటుకొనదు. పెద్దవిమానపు లెక్కలతో దీనిని చెప్పుట కుదురదు. దానిని తెలియవలెనన్న ఆ పరిమాణపు విమానమునే కట్టి, కదలని గాలిలోనికి పంపవలెను.

ఇక విద్యుత్తు. విద్యుత్తుతో ఎగురుట క్రొత్త సంగతి కాదు. 1884 ఆగస్టు 9న రెనార్డు, క్రెబ్సు అను ఫ్రెంచి సైనికాధికారులు "లా ఫ్రాన్సు" అను ఆకాశనౌకను విద్యుత్ మోటారుతో 8 కిలోమీటర్లు నడపి, 23 నిమిషములలో బయలుదేరిన చోటికే తిరిగి వచ్చిరి. కాని బ్యాటరీ బరువు శత్రువైనది. నేటికిని అంతే. ఒక కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్-గంటల శక్తి యున్నది. ఒక కిలో లిథియం బ్యాటరీలో 150 మొదలు 250. కావున నాలుగువందల మందిని సముద్రము దాటించు విమానము బ్యాటరీతో నడచుట ఇప్పట్లో జరుగదు.

అయినను కొలుచు విమానమునకు విద్యుత్తుకంటె మంచి సేవకుడు లేడు. పెట్రోలు యంత్రము క్షణక్షణము బరువు తగ్గుచుండును. బ్యాటరీ ఎగురుటకు ముందును పిదపను ఒకే బరువుండును. పెట్రోలు యంత్రము అదరి కొలతలను చెరచును. మోటారు మెత్తగా తిరుగును. అన్నిటికంటె ముఖ్యమైనది, విద్యుత్తును కొలుచుట సులభము. వోల్టులను ఆంపియర్లచే గుణించిన చాలును, ఎంత శక్తి వ్యయమగుచున్నదో అణాపైసలతో లెక్క తేలును. మరియు మోటారును ఒక్క మాటలో ఆపవచ్చును, మరల ఒక్క మాటలో నడపవచ్చును. ఆపుటవలన లాభమేమో మా విమానపు సంగతి వచ్చినప్పుడు చెప్పెదను.

1974 నవంబరు 4న కాలిఫోర్నియాలో 32 అడుగుల రెక్కలు గల "సన్‌రైజు" అను మానవరహిత విమానము కేవలము సూర్యరశ్మివలన పుట్టిన విద్యుత్తుతో ఎగిరెను. ఆ దారినే పోయి అమెరికా వారి నాసా సంస్థయు ఏరోవైరన్‌మెంట్ కంపెనీయు "హీలియసు" అను విమానమును నిర్మించిరి. దాని రెక్కల పొడవు 247 అడుగులు. ఇంచుమించు అంతయు రెక్కయే. తోక లేదు, దేహము లేదు. రెక్క ముందంచున 14 చిన్న మోటార్లు. 2001 ఆగస్టు 13న అది 96,863 అడుగుల ఎత్తునకు పోయెను. సాధారణ విమానము లెగురు ఎత్తునకు ఇది రెండున్నర రెట్లు. అచ్చటి గాలి పలుచదనము అంగారక గ్రహముమీది గాలి పలుచదనమునకు దగ్గర గనుక, ఆ ప్రయాణము ఆ గ్రహముపై ఎగురుటను గూర్చి ఆలోచించువారికి గూడ పనికి వచ్చినది.

2003 జూన్ 26న, రాత్రి కూడ ఎగురగలుగుటకై క్రొత్త బరువులు చేర్చిన హీలియసు, హవాయి ద్వీపములలో కవాయి దాపున గాలిసుడులలో చిక్కుకొనెను. రెక్కల చివరలు పైకి వంగి, దంపతులు మోయు పల్లకి బొంగువలె నడుమ క్రుంగి అట్లే నిలిచిపోయినవి. అంతట ముక్కు ఎత్తుచు దించుచు ఊగిసలాడి, ఆ ఊగు క్రమక్రమముగ పెద్దదై, వేగము మితిమీరి, రెక్కపై పొర చీలిపోయి విమానము సముద్రమున పడిపోయెను. విచారణ చేసినవారు ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టలేదు. మార్చిన ఆకారము ఎంత అపాయకరమో ముందుగ చెప్పగల లెక్కలే అప్పటికి చాలినంత లేవని వ్రాసిరి. వంగు రెక్కను, కదలు గాలిని, యంత్రపు అదుపును కలిపి ఒకేసారి లెక్కింపవలెనని దానివలన తెలిసినది. అందులో ఒక మనుష్యుడున్నచో ఈ పాఠమునకు వెల ప్రాణమై యుండెడిది. మనుష్యుడు లేని విమానము కట్టుటలోని న్యాయమంతయు ఇందులోనే యున్నది.

ఇప్పుడు మన ఆంధ్రదేశమునకు వచ్చెదము. మదనపల్లె చెంత, జిడ్డు కృష్ణమూర్తిగారి పేరుతో ముడిపడిన ఋషీవ్యాలీ పాఠశాల యున్నది. అందు చదివిన వారిలో జె. బలరామ్ ఒకరు, లోకము వారిని బాబ్ బలరామ్ అని పిలుచును. దక్షిణదేశమున బాలుడై యుండగా, 1960 ప్రాంతపు దశాబ్దమున, వారి మేనమామయో పినతండ్రియో యగు పెద్ద యొకరు అమెరికా కాన్సులేటునకు జాబు వ్రాసి, నాసాను గూర్చిన వివరములు పంపుడని కోరగా, నిగనిగలాడు పుస్తకములతో ఉబ్బిన కవరొకటి వచ్చెనట. చంద్రునిపై మనుష్యుడు దిగిన వార్తను ఆ బాలుడు రేడియోలో వినెను. పిదప మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాకు పోయి, నాసావారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో చేరిరి. అంగారకునిపై ఎగురు చిన్న హెలికాప్టరును గూర్చిన ఆలోచన వారికి 1990 తరువాతి సంవత్సరములలో కలిగెను. ధనము దొరకక ఆ కాగితములు పదునైదేండ్లకు పైగా బీరువాలో నుండిపోయినవి.

కష్టమేమన, అంగారకునిపై గాలి సాంద్రత మన గాలిలో నూరవవంతు మాత్రమే. ఆకర్షణ మన భూమిలో నూటికి 38 వంతులు గనుక బరువు తగ్గుట కొంత మేలే. కాని గాలి నూరు రెట్లు తగ్గగా బరువు మూడు రెట్లును తగ్గదు. పంకాను మిక్కిలి వేగముగ త్రిప్పుదమన్న అచ్చట ధ్వనివేగము సెకనుకు సుమారు 240 మీటర్లే. రెక్కచివర ఆ వేగమును సమీపించిన గాలి తిరుగబడును. రెనాల్డ్సు సంఖ్యయు, నేను ముందు చెప్పిన చిక్కు ప్రాంతముకంటె క్రిందికి పడిపోవును. ఈ ముగ్గురు శత్రువుల నడుమ ఇరుకుదారి వెదకి, 1.8 కిలోగ్రాముల బరువు, 1.2 మీటర్ల వెడల్పు గల రెండు ఎదురుతిరుగు పంకాలు, నిమిషమునకు సుమారు 2,400 చుట్లు అని నిర్ణయించిరి. లెక్క కట్టి చూడుడు, రెక్క చివర సెకనుకు 150 మీటర్లు పోవును. ధ్వనివేగములో మూడింట రెండువంతులు దాటలేదు.

భూమిపై దీనిని పరీక్షించుట ఎట్లు? ఇరువదైదు అడుగుల వెడల్పు గల ఒక గుండ్రని ఉక్కుగదిలోని గాలిని తోడివేసి, బొగ్గుపులుసు వాయువును పలుచగ నింపిరి. ఆకర్షణను తగ్గించుట ఎవరి తరము గాదు గనుక, పైనుండి ఒక త్రాటితో తగినంత లాగుచు విమానపు బరువును మోసిరి. మొదట చేసిన చిన్న నమూనాను మనుష్యుడు చేతితో నడపజూడగా అది అదుపు తప్పి ఎగిరెగిరి పడెను. అంత పలుచని గాలిలో పంకా ఊగును అణచునది లేదు. మనుష్యుని చేయి దానికి చాలదు. కావున సెకనుకు అనేక పర్యాయములు తన్ను తానే సరిదిద్దుకొను యంత్రబుద్ధిని అమర్చిరి. దానిలోని ముఖ్యమైన గణకయంత్రము చేతిఫోనులకై చేసిన రకమే.

"ఇంజెన్యూయిటీ" యను ఆ విమానము 2021 ఏప్రిల్ 19న అంగారకునిపై మూడు మీటర్లు లేచి, మొత్తము 39 సెకనులు ఎగిరి దిగెను. భూమినుండి మాట అచ్చటికి చేరుటకే ఆ నాడు పావుగంటకు పైగా పట్టును గనుక, ఇచ్చటివారు సంతోషించునప్పటికి అది దిగి చల్లబడి యుండెను. ఐదు పర్యాయములు ఎగిరిన చాలునని పంపినది 72 పర్యాయము లెగిరెను. 2024 జనవరి 18న, గురుతులేవియు లేని మెత్తని ఇసుక అలలపై తన స్థానమును కనుగొనలేక, గట్టిగ దిగి రెక్కలు విరుగగొట్టుకొనెను. దాని సూర్యఫలకము క్రింద, 1903 నాటి రైటు విమానపు రెక్కపై కప్పిన నూలుగుడ్డ ముక్క తపాలాబిళ్లయంత కట్టియున్నది. ఆ గుడ్డ మస్లిను. మన పొందూరులో వాలుగ చేప దవడతో ప్రత్తి ఏకి, సన్నపు నూలు వడకి నేసిన గుడ్డను చేతపట్టినప్పుడెల్ల ఆ ముక్క నాకు జ్ఞప్తికి వచ్చును. నూలు నేసిన జాతికి రెక్క కప్పుట పరాయి విద్య కాదు.

మన దేశముననే, అనంతపురము సరిహద్దునకు సమీపమున చిత్రదుర్గము జిల్లా చెళ్లకెరలో, బెంగుళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలవారు 2024 ఫిబ్రవరిలో సుమారు 11 మీటర్ల రెక్కలు, 23 కిలోల బరువు గల సౌరవిద్యుద్విమానము నెగురవేసిరి. ఇది పూర్తి విమానము కాదు, ముందు కట్టబోవు పెద్దదానికి నమూనా. నేను చెప్పుచున్న పద్ధతియే అది. చిన్నది కట్టి గాలి నడిగి, పిదప పెద్దది కట్టుట.

మా విమానము వీని ముందు పిచ్చుక. రెక్కల పొడవు 1.6 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు, బరువు 1.2 కిలోగ్రాములు. రెక్కను థర్మోకోలు పలకనుండి వేడితీగతో కోసి, నడుమ బొంగు చీలిక నొకదానిని వెన్నెముకగ పెట్టితిమి. మోటారు, దానిని అదుపుచేయు పెట్టె, లిథియం బ్యాటరీ, రేడియో విశాఖపట్టణమునుండి తెచ్చితిమి. ఎదురుగాలి వేగమును కొలుచు సన్నగొట్టము నొకదానిని రెక్క అంచున నిలిపి, ఎత్తు, వేగము, వోల్టులు, ఆంపియర్లు సెకను సెకనుకు వ్రాసికొను చిన్న పలక నొకటి కడుపులో నుంచితిమి. ప్రొపెల్లరు మోటారు ఆపగనే వెనుకకు ముడుచుకొను రకము. లేనియెడల అది గాలిలో నిలిచి వృథాగ వెనుకకు లాగును.

మొదటి దినమున దానిని చూడవచ్చిన వారిలో ఒక విద్యార్థి తండ్రి యుండిరి. ఆయన వడ్రంగి. "మాస్టారూ, దీనివల్ల పరీచ్చలో మార్కులొస్తాయా?" అని ఆయన అంతకుముందే నన్నడిగి యుండిరి. రావని నేను చెప్పితిని. విమానము చేయి విడిచినంతనే ముక్కెత్తి నిలువుగ లేచి, ఒక క్షణము ఆగి, తోకమీదికి జారి, నేలకు కొట్టుకొని రెండుముక్కలయ్యెను. పిల్లలు మాటలేక నిలిచిరి. వడ్రంగిగారు ముక్కలను తీసి చేతిలో తూచి చూచి, "కావిడి ఒకేపు బరువైతే మనవే నడవలేం గదా బాబూ, ఇదెలా ఎగురుద్ది? దీని తోక బరువు" అనిరి.

అది నిజము. ముందునాటి సాయంకాలము పిల్లలు ముచ్చటపడి పాఠశాల చిహ్నమును దళసరి అట్టతో చేసి, రంగులు పూసి, తోకకు అతికించిరి. అట్టయు రంగును జిగురును కలిసి నలుబది గ్రాములు. నలుబది గ్రాములే యని తలపరాదు. తోక భారకేంద్రమునకు 80 సెంటీమీటర్ల దూరమున నున్నది. 40ని 80చే గుణించి 1,200చే భాగింపుడు, భారకేంద్రము 2.7 సెంటీమీటర్లు వెనుకకు జరిగినది. రెక్క వెడల్పే 20. భారకేంద్రము ముందుండిన, ముక్కెత్తిన విమానము తానే దించుకొనును; హద్దు దాటి వెనుకకు పోయిన, ఎత్తినది ఇంకను ఎత్తును. రెండువ్రేళ్లపై రెక్కను నిలిపి చూచిన ఒక్క నిమిషములో ఈ తప్పు బయటపడి యుండెడిది. చూడవలసినవాడను నేను; చూడలేదు. ముసలి రైతు అడిగిన ప్రశ్నకు ఆ దినమున నాకు ప్రత్యుత్తరము దొరకినది, పిల్లలకు గూడ అదే చెప్పితిని.

వారము తరువాత వడ్రంగిగారు బూరుగుచెక్కను కాగితమంత పలుచగ చిత్రికపట్టి కట్టగట్టి తెచ్చి నా బల్లపై పెట్టిరి. పశ్చిమదేశములలో నమూనా విమానములు కట్టు బాల్సా చెట్టు మన బూరుగుచెట్టు కుటుంబములోనిదే యని నేను చెప్పగా ఆయన ఆశ్చర్యపడలేదు. "తేలికే గదండీ" అనిరి. రెండవ విమానపు తోకయు రెక్క పక్కటెముకలును ఆ చెక్కతో చేసినవే.

ఇది ఎట్లు కొలుచునో వినుడు. పుష్యమాసపు వేకువను, నేలగాలి అడగి సముద్రపుగాలి ఇంకను లేవని వేళ, విమానమును నూరు మీటర్ల లోపు ఎత్తునకు పంపి మోటారు ఆపుదుము. అది సెకనుకు పది మీటర్ల వేగమున జారుచు, 60 మీటర్లు దిగుటకు 60 సెకనులు తీసికొన్నదనుకొనుడు. సెకనుకు మీటరు దిగుచు పదిమీటర్లు ముందుకు పోవుచున్నది. అనగా గాలి దానిని వెనుకకు లాగు బలము దాని బరువులో పదియవవంతు. బరువు 11.8 న్యూటనులు గనుక లాగుడు ఇంచుమించు 1.2 న్యూటనులు. త్రాసు లేకయే, గడియారముతో గాలి లాగుడును తూచితిమి! ఆ లాగుడు నెదిరించి పదిమీటర్ల వేగమున సమముగ ఎగురుటకు కావలసినది సుమారు 12 వాట్లు. ఇప్పుడు మోటారు నడపి అదే వేగమున, అదే ఎత్తున ఎగురుదుము. పలకలో 11.1 వోల్టులు, 2.4 ఆంపియర్లు అని యుండును, గుణింపగా 26.6 వాట్లు. గాలి కోరినది 12, మనము చెల్లించినది 26.6. మిగిలిన 14.6 వాట్లు మోటారు వేడిగను, ప్రొపెల్లరు వెనుక సుడిగను పోయినవి. ప్రొపెల్లరు మార్చి ఆ దుర్వ్యయ మెంత తగ్గునో చూడవచ్చును. రెక్క మార్చి గాలి కోరు 12 వాట్లు ఎంత తగ్గునో చూడవచ్చును. రెండింటిని విడదీసి చూపుట విద్యుత్తు చేసిన ఉపకారము. పైన చెప్పిన రెనాల్డ్సు సంఖ్యయు కట్టి చూచితిమి. లక్షా ముప్పదివేలు వచ్చినది. మా పిచ్చుక సరిగా ఆ చిక్కు ప్రాంతముననే ఎగురుచున్నది.

కట్టగోరు పిల్లలకు రెండు హెచ్చరికలు. ఉబ్బిన లిథియం బ్యాటరీ నిప్పుతో సమానము. దానిని మరల చార్జి చేయరాదు, చార్జి చేయునప్పుడు ఏ బ్యాటరీనైనను విడిచిపోరాదు. 2021 నాటి డ్రోను నియమములు 250 గ్రాములకు మించినవానికి వేరు, రెండు కిలోలకు మించినవానికి వేరు కట్టుబాట్లు విధించినవి. భోగాపురము, విశాఖపట్టణము వంటి విమానాశ్రయముల చుట్టునున్న ప్రదేశములందు అనుమతి లేక ఎగురవేయుట నేరము. పెద్దల నడుగక ఒంటరిగ ఈ పనికి దిగవలదు.

ప్రస్తుతము మా యొద్ద రెండు జతల రెక్కలున్నవి. ఒకటి చివరివరకు సమానమైన వెడల్పు గలది, ఒకటి చివరికి సన్నగిలునది. రెంటికిని వైశాల్యము ఒకటే. రెక్కచివర సుడి తగ్గుటవలన రెండవది మెల్లగ దిగవలెనని పుస్తకము చెప్పుచున్నది. కాని సన్నని చివర రెనాల్డ్సు సంఖ్య ఇంకను తగ్గును గనుక ఆ లాభము నష్టమగుట గూడ సంభవమే. ఇంతవరకు మొదటిదానికి సగటున 60 సెకనులు, రెండవదానికి 62 వచ్చినవి. పిల్లలు రెండవది గెలిచినదని కేకలు వేసిరి. అయితే ఒకే రెక్క నాలుగు వేకువలలో నాలుగు విధములుగ, ఐదేసి సెకనుల తేడాతో దిగినది. ఐదు సెకనులు తడబడు గడియారముతో రెండు సెకనుల గెలుపును ప్రకటించుట ఎట్లు? పట్టికలో ఆ గడిని పెన్సిలుతో వ్రాసి యుంచితిమి. సంక్రాంతి సెలవులైన వెంటనే, ఒక్కొక్క జతకు ఇరువది వేకువల చొప్పున మరల మొదలుపెట్టెదము. గడియారము పట్టుటకు వడ్రంగిగారి అబ్బాయి ఒప్పుకొనెను.